వాడి పేరు ఎత్తండి

మీ అక్క కొడుకు క్యాన్సర్‌తో పోయి నాలుగు నెలలైందనీ, ఇంట్లో వాడి పేరు ఎత్తొద్దు, బొమ్మలు, బట్టలు తీసేయండి అని పెద్దవాళ్లు అంటున్నారనీ రాశారు. తీసేయొద్దు. అక్కను అడక్కుండా అసలే వద్దు. మా ఇంట్లో అదే చేశారు.

మాది తిరుపతి. మా చిన్నోడికి నాలుగేళ్లప్పుడు రక్త క్యాన్సర్ అని తేలింది. రాయవేలూరులో చూపించాం. పిల్లలకొచ్చే ఈ లుకేమియాకి వైద్యం రెండు మూడేళ్లు సాగుతుంది. మొదట్లో గట్టి మందులు, వెన్నులో ఇంజెక్షన్లు, తర్వాత ఇంట్లోనే రోజూ మాత్రలు. చాలామంది పిల్లలు కోలుకుని బడికి పోతారు. మావాడూ పోయాడు, ఒకటో తరగతికి, ఐదు నెలలు. తర్వాత తిరగబెట్టింది.

జుట్టు రాలిన పిల్లాణ్ని మా ఊళ్లో ఎవరూ తేరిపార చూడరు. ఊరంతా గుండ్లే కదా! బస్సులో పక్కన కూర్చున్నావిడ "దర్శనం బాగా అయిందా నాయనా?" అంటే, మావాడు మాస్కులోంచే "బాగా అయింది, రెండు లడ్లిచ్చారు" అనేవాడు. వాడు పోయాక అదే మాకు నరకమైంది. గంధం పూసిన చిన్న గుండు కనబడితే చాలు, మా ఆవిడ నడిరోడ్డు మీద నిలబడిపోయేది. బస్టాండు వైపు పోవడమే మానేసింది.

పెద్దవాళ్లు పోతే పదో రోజు, పదకొండో రోజు, మాసికం అని ఏదో ఒకటి ఉంటుంది. పదిమంది వస్తారు, ఏడుస్తారు, భోంచేస్తారు. చిన్నపిల్లలకు అవేం లేవన్నారు మావాళ్లు. మట్టి చేసి, మూడో రోజు పాలు పోసి వచ్చాం. నాలుగో రోజుకి ఇల్లు ఖాళీ. ఆలోపే మా బావమరిది వాడి సైకిలు, చెప్పులు, మాత్రల డబ్బా అన్నీ ఎత్తుకుపోయాడు. మంచికే చేశాడు పాపం. మా ఆవిడ ఆ చెప్పుల కోసం నెలల తరబడి వెతికింది. ఒక చెప్పు చివరికి మా పాప పుస్తకాల సంచిలో అడుగున దొరికింది.

పాపకప్పుడు పదేళ్లు. ఆస్పత్రికి పోయినప్పుడల్లా దాన్ని చిత్తూరులో అమ్మమ్మ దగ్గర వదిలేవాళ్లం. ఆ చెప్పు దొరికిన రోజే అడిగింది, "నాకు జలుబు చేసినప్పుడు తమ్ముడి పక్కన పడుకున్నా. అందుకే వచ్చిందా నాన్నా?" అని. అన్నాళ్లుగా లోపల పెట్టుకుని తిరిగింది. జలుబుకీ రక్త క్యాన్సర్‌కీ సంబంధం లేదనీ, అది అంటుకునే జబ్బు కాదనీ మాకు తెలుసు, దానికే ఎవరం చెప్పలేదు. మీ అక్కకు ఇంకో బిడ్డ ఉంటే అడక్కముందే చెప్పండి.

మీ బావ పదో రోజుకే డ్యూటీకి పోయాడని కోపంగా రాశారు. నేనూ పోయాను. షాపులో షట్టర్ సగం దించుకుని ఏడ్చి, మొహం కడుక్కుని ఇంటికొచ్చేవాణ్ని. మా ఆవిడకు నేను బండరాయిలా కనబడ్డాను. ఆయన్ని కాస్త వదిలేయండి.

"మద్రాసు తీసుకుపోయుంటే బతికేవాడేమో", "ఇంకొకర్ని కనండి" అనేవాళ్లను మాత్రం గేటు దగ్గరే ఆపండి. ఆ పని మీరే చేయగలరు, అక్క చేయలేదు.

నిద్ర, తిండి బొత్తిగా లేకపోయినా, చచ్చిపోతానన్న మాట వచ్చినా ఆలస్యం చేయొద్దు. టెలీ మానస్ అని ప్రభుత్వ సహాయ నంబరుంది, 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మేం ఒకసారి రాత్రి రెండింటికి చేశాం.

వాడి పుట్టినరోజుకి అక్కకు ఫోన్ చేసి, వాడి పేరు పెట్టే మాట్లాడండి. ఏడిస్తే ఏడవనివ్వండి. మా వీధి చివర టిఫిన్ బండాయన ఇప్పటికీ మమ్మల్ని చూస్తే, "బయటి తిండి వద్దని మీరంటే, కారం దోసె కావాలని ఇక్కడే అలిగి కూర్చునేవాడు గదా సార్" అంటాడు. ఇంటి పక్కనే ఇంకో హోటలుంది. మా ఆవిడ మాత్రం ఆయన దగ్గరే కట్టించుకొస్తుంది.