కొత్తగా బీఎల్‌ఓ (బూత్ లెవెల్ ఆఫీసర్) అయిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, బాబాయ్ ఆశీస్సులు.

నీ పోలింగు కేంద్రం ఓటర్ల జాబితా చేతికొచ్చిందన్నావు. యాప్ తెరిచే ముందు దాన్ని కాగితం మీద ఒక కాపీ తీయించి పెట్టుకో. ఫోన్‌లో ఒక్కో పేరే కనిపిస్తుంది. కాగితం మీదైతే వీధి వీధంతా కళ్ల ముందుంటుంది, తప్పులు అలా చూసినప్పుడే దొరుకుతాయి. గుర్తులు పెన్సిలుతోనే పెట్టు. చనిపోయినవాళ్లకు ఒకటి, ఊరు మారినవాళ్లకు ఒకటి, రెండుసార్లు పడ్డ పేర్లకు ఒకటి, తాళం వేసిన ఇంటికి వేరే ఒకటి. ఈ చివరిదాన్ని ఊరు మారినవాళ్ల లెక్కలో కలిపేయడం కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు. మన పాలమూరు, శ్రీకాకుళం వైపు సగం వీధి పనులకు పోయి పండక్కి తిరిగొస్తుంది. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ఏమంటుందంటే, ఊళ్లో ఇల్లో పొలమో ఉన్నంత మాత్రాన అక్కడ ఓటు రాదు, తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన ఉన్న ఓటు పోదు. రెండూ గుర్తుంచుకో, ఎందుకంటే జనం మొదటిది మర్చిపోతారు, సిబ్బంది రెండోది మర్చిపోతారు.

ఇక ఫారాల సంగతి. ఫారం 6 దేశంలో ఎక్కడా ఓటు లేనివాళ్లకు. ఇల్లు మారినా, పేరులో తప్పున్నా, కార్డు పోయినా, వైకల్యం నమోదు చేయించుకోవాలన్నా ఫారం 8. ఒక ఫారంలో ఈ నాలుగింట్లో ఒకదానికే టిక్కు పెట్టాలి. ఇల్లు మారింది, పేరూ దిద్దాలి అంటే రెండు ఫారాలు తీసుకో. జంట ఓట్లలో చాలా భాగం పుట్టేది ఇక్కడే. ఊళ్లో ఓటున్న మనిషి హైదరాబాద్ వెళ్లి, పాత కార్డు కనబడక, ఎవరో చెప్పారని కొత్తగా ఫారం 6 పెడతాడు. అది ఒప్పుకున్నారంటే రెండు చోట్లా పేరు, రెండు కార్డు నంబర్లు. అదే ఫారం 8 పెడితే పాత నంబరే వెంట వస్తుంది, పాత చోట పేరు తీసేసే సమాచారం కూడా అక్కడికి పోతుంది. అందుకే ముప్పై ఏళ్లు దాటిన మనిషి ఫారం 6 చేతిలో పెడితే, ఇన్నాళ్లూ ఓటు ఎక్కడుండేదని మర్యాదగానే అడుగు. తెలిసి తప్పు రాసిస్తే అదే చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు ఉంది. బెదిరించమని కాదు, చాలామందికి అది తెలియదు, ముందే చెప్పడం మంచిది.

పెళ్లయి వచ్చిన కోడళ్ల దగ్గర మరింత జాగ్రత్త. పుట్టింటి ఊళ్లో తండ్రి పేరుతో, పాత ఇంటిపేరుతో ఒక నమోదు ఉంటుంది. అత్తగారింట్లో భర్త పేరుతో, కొత్త ఇంటిపేరుతో మరొకటి పడుతుంది. ఇంటిపేరూ వేరు, బంధువు పేరూ వేరు కాబట్టి పేర్లు పోల్చే కంప్యూటరుకు వాళ్లిద్దరూ ఒకరేనని తట్టదు. ఫొటోలు పోల్చినప్పుడు దొరికితే దొరకాలి, అదీ పాత ఫొటో మసకగా ఉంటే కష్టం. కొత్త కోడలు కనబడగానే పాత కార్డు నంబరు అడిగి తీసుకో. మూడు ఇంగ్లిషు అక్షరాలు, ఏడు అంకెలు. ఆ పదీ చేతికొస్తే సగం పని అయినట్టే.

పేర్ల తెలుగు రూపం నువ్వే కళ్లతో చూడాలి. ఇంగ్లిషులో కొట్టిన పేరును కంప్యూటరు తెలుగు చేసేటప్పుడు పద్మ కాస్తా పాడ్మ అవుతుంది, రమణ రామన అవుతాడు. దరఖాస్తుదారు సంతకం పెట్టేముందు తెలుగు పేరు పైకి చదివి వినిపించు. డోర్ నంబర్లదీ ఇదే తంతు. మున్సిపాలిటీ నంబర్లు మార్చినా గోడ మీద పాతదీ కొత్తదీ రెండూ ఉంటాయి, ఒకే ఇంట్లో అన్నకు ఒకటి, తమ్ముడికి ఒకటి పడుతుంది, దాంతో కుటుంబం రెండు భాగాల్లోకి చీలిపోతుంది. జాబితాలో ఒకే ఇంటి వాళ్లు విడివిడిగా కనిపిస్తే ముందు ఆ గోడ చూసి రా.

అన్నిటికంటే తొందర పనికిరానిది తొలగింపుల్లో. చేర్చడంలో తప్పు చేస్తే తర్వాత దిద్దొచ్చు. తీసేయడంలో తప్పు జరిగితే ఆ మనిషికి పోలింగు రోజు దాకా తెలియకపోవచ్చు. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో, జాబితాలోంచి పేరు తీసేయమని అడిగే ఫారం 7లు లక్షల్లో ఆన్‌లైన్‌లో వచ్చిపడ్డాయి. చాలా చోట్ల ఎవరి పేరున దరఖాస్తు ఉందో ఆ మనిషికే సంగతి తెలియదు. పోలీసు కేసులు కూడా పెట్టారు. అందువల్ల ఫారం 7 రాగానే మొదట దరఖాస్తు పెట్టిన మనిషి దగ్గరికి వెళ్లు, ఇది నువ్వే పెట్టావా అని అడుగు. తర్వాతే పేరున్నవాళ్ల ఇంటికి. పార్టీల బూత్ ఏజెంటు రోజుకు పది దరఖాస్తులకు మించి ఇవ్వకూడదు. కట్టలు కట్టలు తెస్తే తీసుకోకు, ఎంత తెలిసినవాడైనా సరే. నోటీసు ఇవ్వకుండా, వివరణ వినకుండా పేరు తీసే అధికారం ఎవరికీ లేదు.

చనిపోయినవాళ్ల విషయంలో పంచాయతీ కార్యదర్శి దగ్గర మరణాల రిజిస్టరు చూసుకో. పట్నంలోనైతే మున్సిపాలిటీలో. కానీ పేరు ఒక్కటే చూసి కొట్టేయకు. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతారు, ఇంటిపేరూ అదే, ఇల్లూ అదే. తాత పోతే మనవడి ఓటు ఎగిరిపోవడం ఇలాగే జరుగుతుంది. వయసు, తండ్రి పేరు, కార్డు నంబరు మూడూ కలిస్తేనే రాయి.

ఆధార్ కోసం ఫారం 6బి ఇస్తారు. అది ఇష్టమైతేనే. ఇవ్వలేదని ఉన్న పేరు తీయడం గానీ, కొత్త దరఖాస్తు తిప్పి పంపడం గానీ కుదరదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ల ఇళ్లలో అడుగుతారు కాబట్టి ఇదీ తెలిసుండాలి: మన పౌరసత్వం వదులుకోనివాళ్లు ఫారం 6ఎ పెట్టుకుని పాస్‌పోర్టులోని ఊరి చిరునామా మీద ఓటరు కావొచ్చు. వాళ్లకు ఓటరు కార్డు ఇవ్వరు. పోలింగు రోజు అసలు పాస్‌పోర్టుతో స్వయంగా రావాలి.

పిల్లలకు పద్దెనిమిది నిండే లెక్క 2022 నుంచి ఏడాదికి నాలుగు తేదీల్లో చూస్తున్నారు. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. పదిహేడు నిండినవాళ్లు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు, కాబట్టి ఇంటర్ కాలేజీకి ఒకసారి వెళ్లిరా. వచ్చిన దరఖాస్తుల జాబితాను నోటీసు బోర్డులో పెట్టాక, అభ్యంతరాలకు ఏడు రోజులు పూర్తిగా వదిలితే గానీ ఈఆర్‌ఓ (ఓటర్ల నమోదు అధికారి) నిర్ణయం తీసుకోరు. నామినేషన్ల చివరి తేదీకి పది రోజుల ముందు దాకా అందినవే ఆ ఎన్నికకు పనికొస్తాయి. ఎన్నికల ప్రకటన వచ్చాక చూద్దాంలే అనేవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పు. నిర్ణయం నచ్చకపోతే పదిహేను రోజుల్లో కలెక్టరుకు, అక్కడా తేలకపోతే ముప్పై రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చని కూడా చెప్పు. అది నీ మీద ఫిర్యాదు అనుకోకు.

ముసాయిదా జాబితా వచ్చాక గ్రామసభలో చదివేటప్పుడు గబగబా చదివేయొద్దు. ఒక్కో ఇంటి నంబరు చెప్పి ఆగు, ఆ వీధివాళ్లే పైనుంచి దిద్దుతారు.

పోలింగుకు ముందు ఊళ్లో లేనివాళ్లు, మారినవాళ్లు, చనిపోయినవాళ్లతో వేరే జాబితా తయారు చేసి ప్రిసైడింగ్ అధికారికి ఇస్తారు. అందులో పేరున్నంత మాత్రాన ఓటు పోయినట్టు కాదు. మనిషి వస్తే గుర్తింపు పత్రం చూసి, సంతకంతోపాటు వేలిముద్ర కూడా తీసుకుని వేయనిస్తారు. ఆ సంగతి క్యూలో గొడవపడేవాళ్లకు నువ్వే చెప్పాల్సి వస్తుంది.

ఏదైనా అర్థం కాకపోతే ఫోన్ చెయ్యి, సాయంత్రం ఆరు తర్వాతైతే తీరిగ్గా మాట్లాడొచ్చు.

ఇట్లు,
బాబాయ్