పిల్లలతో ఇండియా వస్తున్నావుగా, ముందు ఇంట్లోవాళ్ళకి చెప్పు

అమ్మడూ,

టికెట్లు తీసుకున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. జూన్ మొదటి వారంలో డాలస్‌లో ఎక్కి, దుబాయ్‌లో మారి, శంషాబాద్‌లో దిగి, అక్కణ్ణించి కారులో బెజవాడ. పిల్లలు రాత్రిళ్ళు పడుకోకపోతే ఎలా అని నువ్వు అడిగావట, "పిల్లలు కదే, రెండు రోజుల్లో వాళ్ళే సర్దుకుంటారు" అని తను అందట. సర్దుకుంటారు, నిజమే, కానీ రెండు రోజుల్లో కాదు, వాళ్ళంతట వాళ్ళూ కాదు. న్యూజెర్సీలో ఇద్దరు పిల్లల్ని పెంచుతూ సెలవులకి వాళ్ళని వేసుకుని ఇక్కడికి వచ్చినదాన్ని, ఇప్పుడు ఇక్కడే ఉండి మనవలు వచ్చినప్పుడల్లా రాత్రిళ్ళు వాళ్ళకి కాపలా కాస్తున్నదాన్ని, రెండు వైపుల నుంచీ చూశాను కాబట్టి చెబుతున్నా. దూరదేశం నుంచి దిగాక ఒంటికి పగలూ రాత్రీ తారుమారయ్యే ఈ జెట్ లాగ్ పిల్లలదే కానీ దాన్ని వారం, పది రోజులు సాగదీసేది ఇంట్లో పెద్దవాళ్ళే, అదీ ప్రేమతోనే. అందుకే ఈ ఉత్తరంలో సగం నీకు, సగం మీ అమ్మకి.

ముందు లెక్క చూసుకో. వేసవిలో డాలస్‌కీ మనకీ తేడా పదిన్నర గంటలు. ఒక కాగితం మీద ఇక్కడి టైము, దాని పక్కన పిల్లల ఒంట్లో టైము రాసి మీ అమ్మ ఫ్రిజ్ మీద అంటించు. ఇక్కడ రాత్రి 2 అంటే అక్కడ మధ్యాహ్నం 3:30, స్కూలు నుంచి వచ్చి ఆకలేస్తోందని ఇల్లు పీకి పందిరేసే టైము. ఇక్కడ ఉదయం 8 అంటే అక్కడ రాత్రి 9:30. ఇక్కడ మధ్యాహ్నం 2:30 అంటే అక్కడ తెల్లవారుజామున 4, పిలిచినా పలకని నిద్ర. ఈ మూడూ కళ్ళ ముందు ఉంటే "అర్ధరాత్రి అన్నం అడుగుతాడేంటి, దిష్టి తగిలిందేమో" అనే మాటలు సగం తగ్గుతాయి. దిష్టి తీస్తానంటే తియ్యనీ, నష్టం లేదు, కాకపోతే పట్టపగల్లా లైట్లన్నీ వేసి మాత్రం వద్దు.

లైట్లు ఎందుకు వద్దంటున్నానంటే, మెదడులో కంటి నరాలు రెండూ కలిసే చోటికి కాస్త పైన ఒక చిన్న కణాల గుంపు ఉంటుంది, ఒంటికి గడియారం అదే. దాన్ని జరిపేది అన్నిటికన్నా ఎక్కువగా కళ్ళలో పడే వెలుతురే. ఈ గడియారం కణాల లోపల ఎలా నడుస్తుందో కనిపెట్టిన ముగ్గురికి 2017లో వైద్యంలో నోబెల్ ఇచ్చారు, అదీ పండ్ల మీద ముసిరే చిన్న ఈగల మీద ప్రయోగాలు చేసి. ఆ గడియారం రోజుకి గంట, మహా అయితే గంటన్నర జరుగుతుంది. ఇంక పదిన్నర గంటలకి ఎన్ని రోజులో నువ్వే లెక్కేసుకో. పైగా తేడా ఇంత ఎక్కువైతే ఒంటికి ముందుకి జరగాలో వెనక్కి జరగాలో తెలియదు, ఒకే ఇంట్లో ఒకళ్ళు ఒక వైపు, ఇంకొకళ్ళు ఇంకో వైపు సర్దుకోవచ్చు కూడా. అన్నయ్య నిద్రపోతున్నాడు కదా నువ్వెందుకు పడుకోవు అని చిన్నదాన్ని గద్దించకండి.

బయల్దేరే ముందు వారం నుంచీ పిల్లల్ని రోజుకో గంట ముందు పడుకోబెట్టమని ఎవరో ఒకరు చెబుతారు. లండనో పారిసో వెళ్ళేటప్పుడు అది పనికొస్తుందేమో కానీ ఇండియా ప్రయాణానికి అదంతా వృథా శ్రమ. దానికి బదులు సూట్‌కేసులు రెండు రోజుల ముందే సర్దేసి, ఆఖరి రెండు రాత్రులూ నలుగురూ కడుపునిండా నిద్రపోండి. మన ఇళ్ళల్లో జరిగేదేంటో నాకు తెలుసు, తెల్లారితే విమానం అనగా అర్ధరాత్రి కాటా మీద సూట్‌కేసు పెట్టి, 23 కిలోలు దాటిందని చాక్లెట్ ప్యాకెట్లు తీసి ఇంకోదాంట్లో కుక్కుతూ కూర్చుంటాం. ఆ నిద్ర బాకీ, జెట్ లాగ్ రెండూ కలిసి ఇక్కడ మీద పడతాయి.

విమానంలో పెద్దగా చెప్పేదేం లేదు. నిద్రొస్తే పడుకోనీ, రాకపోతే బొమ్మలు చూసుకోనీ, పద్నాలుగు పదిహేను గంటల ప్రయాణంలో టీవీ క్రమశిక్షణ పెట్టి నువ్వు సాధించేది ఏమీ లేదు. పిల్లల భోజనం ముందే ఆన్‌లైన్‌లో చెప్పి పెట్టు, నీళ్ళు తరచూ తాగించు, దిగేటప్పుడు చెవులు నొప్పెట్టకుండా ఏదైనా చప్పరించనివ్వు. దుబాయ్‌లో కుర్చీలో కూలబడకుండా పిల్లల్ని కాసేపు నడిపించు.

శంషాబాద్‌లో తెల్లవారుజామున దిగుతారు. ఇమిగ్రేషనూ సామానూ అయ్యేసరికి ఇంకో గంట, ఆపైన బెజవాడకి దాదాపు 270 కిలోమీటర్లు, అయిదు గంటలు వేసుకో. అల్లుడు స్టీరింగ్ ముట్టుకోకూడదు, వచ్చే డ్రైవరు కూడా రాత్రి నిద్రపోయినవాడై ఉండాలి, ఆ సంగతి మీ నాన్న ముందే మాట్లాడి పెట్టాలి. చిన్నదాని కారు సీటు వెంట తెచ్చుకో, ఇక్కడి కార్లలో ఉండవు. సూర్యాపేట దగ్గరికి వచ్చేసరికి పిల్లల ఒంట్లో రాత్రి తొమ్మిదవుతుంది, ఇద్దరూ సీట్లలో ఒరిగిపోతారు. పోనీ, పడుకోనివ్వు. ఇంటికి చేరగానే మాత్రం ఎత్తుకెళ్ళి మంచం మీద వెయ్యకుండా స్నానం చేయించి, ఇడ్లీనో ఉప్మానో పెట్టి, గుమ్మం బయట కాసేపు తిప్పు.

అసలు గొడవంతా మొదలయ్యేది మధ్యాహ్నం. జూన్ మొదట్లో బెజవాడ ఎండ నీకు కొత్త కాదు కదా. భోజనాలు కాగానే మనవాళ్ళు కిటికీలు మూసి, పరదాలు లాగి, ఏసీ వేసి, ఇల్లంతా చీకటి చేసుకుని పడుకుంటారు. పిల్లల ఒంటికి సరిగ్గా అప్పుడే తెల్లవారుజామున నాలుగు. చల్లటి చీకటి గది, పక్కన అమ్మమ్మ, ఇంక వాళ్ళు లేచేది రాత్రి ఏడింటికి, లేచాక తెల్లారేదాకా జాగారమే. లేపబోతే మీ నాన్న "పాపం పసివాళ్ళు, పడుకోనివ్వండే" అంటారు చూడు, ఆ ఒక్క మాటతో మీకు ఇంకో మూడు రోజులు పోతాయి. పగటి నిద్ర పూర్తిగా మానిపించమని అనట్లేదు, అది జరిగేపని కాదు. ఒంటిగంటకి పడుకోబెట్టు, రెండున్నర, మహా అయితే మూడింటికి లేపెయ్యి. పడుకునే గదిలో ఒక పరదా తీసే ఉంచు. పెద్దవాడికి గంటన్నర చాలు, చిన్నదానికి ఇంకో అరగంట ఇవ్వచ్చు.

లేపడం అంత తేలికేం కాదు. ఏడుస్తారు, తంతారు, మళ్ళీ కళ్ళు మూస్తారు. లైటు వేసి, ఏసీ ఆపి, ఎత్తుకుని నేరుగా స్నానాల గదికి తీసుకెళ్ళి టబ్బులో కూర్చోబెట్టడం ఒకటే నాకు పనిచేసింది. నీళ్ళల్లో పడ్డాక ఏ పిల్లలూ ఎక్కువసేపు ఏడవరు. తర్వాత చేతికో మామిడిపండు ముక్క, దొరికితే తాటిముంజలు. మీ వాడు ముంజలు తిననంటే బలవంతం చెయ్యకండి, అదో పేచీ మళ్ళీ.

వెలుతురు ఎక్కణ్ణించి తెస్తావంటే, పొద్దున్నే. జూన్‌లో ఇక్కడ అయిదున్నరకల్లా తెల్లారిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది లోపు డాబా మీదో వీధిలోనో ఉండాలి, ఆ తర్వాత ఎండ భరించలేరు. ఇంట్లో ట్యూబ్‌లైటు ఎంత వెలిగినా కంటికి అందేది కొన్ని వందల లక్స్ మాత్రమే (వెలుతురుని కొలిచే లెక్క అది), బయట చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది. తాతయ్యతో పాల ప్యాకెట్లకి పంపు, మొక్కలకి నీళ్ళు పొయ్యమను, ఏదో ఒక వంకతో ఇంట్లోంచి బయట పడాలి. పగలంతా వరండాలోనో కిటికీ పక్కనో ఆడుకోవాలి. రాత్రి ఏడు దాటాక దీనికి పూర్తిగా వ్యతిరేకం, లైట్లు తగ్గించి, టీవీ ఆపి, ఎనిమిదింటికల్లా పడక. మీ అమ్మ సీరియల్ వేరే గదిలో చూసుకోవాలి, తప్పదు.

ఇంత చేసినా మొదటి మూడు నాలుగు రాత్రులు ఒంటిగంటకో రెండింటికో లేస్తారు. కంగారు పడకు, మళ్ళీ పడుకోమని బతిమాలకు, తిట్టకు. నిద్ర రానివాణ్ణి పడుకోమంటే వాడు మాత్రం ఏం చేస్తాడు. ఆకలి నిజం ఆకలే, పొట్టకీ ఒక గడియారం ఉంది, దాని లెక్కలో అది సాయంత్రం. పడుకునే ముందే పెరుగన్నం, అరటిపండ్లు, ఫ్లాస్కులో పాలు గదిలో పెట్టుకో. కొంచెం పెట్టు, పూర్తి భోజనం వద్దు, అర్ధరాత్రి అట్లు పోసి పెడితే పొట్ట కూడా అదే టైముకి అలవాటు పడిపోతుంది. జీరో బల్బు వెలుతురులోనే ఉండండి. బొమ్మలు, రంగుల పుస్తకం, అమ్మమ్మ కథలు, ఏదైనా సరే కానీ ఐప్యాడ్ మాత్రం వద్దు. ఇంకోటి, ఆ టైముకి డాలస్‌లో పగలు కాబట్టి స్నేహితులకి వీడియో కాల్ చేస్తానంటాడు పెద్దవాడు. చాలా తియ్యగా అడుగుతాడు. వద్దు.

ఇద్దరూ కలిసి మేలుకోవద్దు. మూడింటిదాకా నువ్వు, ఆ తర్వాత అల్లుడు, అని ముందే పంచుకోండి. అమ్మమ్మ ఎలాగూ నాలుగింటికి లేస్తుంది, అక్కణ్ణించి కాపలా తనది. ఇది నిద్ర కోసం ఒక్కటే చెప్పట్లేదు. తల్లిదండ్రులు స్పృహ లేకుండా పడి ఉంటే, కొత్త ఇంట్లో మూడేళ్ళ పిల్ల చీకట్లో ఒంటరిగా తిరుగుతుంది, నేను భయపడేది దానికే. డాబా మెట్ల తలుపుకి, వీధి తలుపుకి దాని చెయ్యి అందని చోట గడియ ఉండాలి, గ్యాస్‌ని సిలిండర్ దగ్గరే ఆపెయ్యాలి, మీ నాన్న మాత్రల డబ్బా, ప్లగ్గుకి పెట్టే దోమల మందు సీసా ఎత్తులో పెట్టాలి. మీరు రాకముందే ఒకసారి ఇల్లంతా చూసి పెట్టమని మీ అమ్మకి నేను కూడా చెబుతాను.

ఇక చుట్టాలు. మీరు దిగిన రోజు సాయంత్రానికే మేనత్తలూ బాబాయిలూ వరసగా వస్తారు, వాళ్ళు వచ్చేది ఎనిమిదింటికి, కూర్చునేది పదింటిదాకా, నిద్రకి జోగుతున్న పిల్లని ఒళ్ళో వేసుకుని "నేనెవరో చెప్పు" అంటారు. నీకు చెప్పడం మొహమాటం, పిల్ల మారిపోయిందంటారు, అందుకే ఈ పని మీ అమ్మ చెయ్యాలి. మొదటి అయిదు రోజులు ఎవరూ రాత్రి భోజనాలకి పిలవొద్దు, రావాలనుకున్నవాళ్ళు ఉదయం టిఫిన్ల టైముకి రండి అని ముందే ఫోన్ చేసి చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా మర్చిపోతారు. మీ అత్తగారి ఊరి ప్రయాణం కూడా ఆరో రోజు తర్వాతే పెట్టుకో, వాళ్ళకి అల్లుడి చేత చెప్పించు, నువ్వు చెప్పకు. తిరుమలకి 300 రూపాయల దర్శనం టికెట్లు ఎలాగూ ముందే తీసుకోవాలి కాబట్టి ఆ తేదీ కనీసం రెండో వారంలో ఉండేలా చూడు. క్యూలో నిద్రపోతున్న పెద్దవాణ్ణి భుజాన వేసుకుని నిలబడితే దేవుడి మీద కన్నా మెడనొప్పి మీదే ధ్యాస ఉంటుంది.

మందుల గురించి అడుగుతావని తెలుసు. మెలటోనిన్ గమ్మీలు, అంటే నిద్ర కోసం వాడే హార్మోను కలిపిన మెత్తటి చాక్లెట్ల లాంటివి, అక్కడ ప్రిస్క్రిప్షన్ లేకుండా షాపుల్లో దొరుకుతాయి కదా అని సంచిలో వేసుకోకు. 2023లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది, 25 రకాల గమ్మీలు పరీక్షిస్తే 22 రకాల్లో సీసా మీద రాసినదానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు, ఒకదాంట్లో అసలు మెలటోనినే లేదు. మీ పిల్లల డాక్టరుని అడుగు, ఆవిడ సరేనంటే, ఎంత ఇవ్వాలో ఎప్పుడు ఇవ్వాలో చెబితే, అప్పుడు ఇవ్వు. విమానంలో నిద్ర కోసం బెనాడ్రిల్ అనే ఎలర్జీ మందు పోసే పని మాత్రం అస్సలు వద్దు, ఎంతమంది చెప్పినా సరే. కొందరు పిల్లలకి అది నిద్ర తెప్పించకపోగా ఇంకా రేపుతుంది. పెద్దవాడి ఆయాసం మందు రోజూ వేసేది కదా, దాని టైము ఎలా మార్చాలో కూడా అదే రోజు అడిగెయ్యి.

తిరుగు ప్రయాణం తేదీ మీ అమ్మ ఆగస్టు పదో తేదీ అంది, అది నాకు నచ్చలేదు. టెక్సస్‌లో చాలా స్కూళ్ళు ఆగస్టు మధ్యలోనే తెరుస్తారు. అక్కడికి వెళ్ళాక సాయంత్రం అయిదున్నరకి పిల్లలకి తెల్లవారుజాము నాలుగవుతుంది, అన్నం పళ్ళెం ముందే తూలిపోతారు, రాత్రి రెండింటికి లేచి మధ్యాహ్నం భోజనం అడుగుతారు. మొదటి వారం తొందరగా అన్నం పెట్టేసి, ఎలాగోలా ఏడున్నరదాకా బయట పార్కులో నిలబెట్టాలి, ఆగస్టులో అక్కడ ఎనిమిది దాటేదాకా వెలుతురు ఉంటుంది కాబట్టి అది కుదురుతుంది. అదంతా స్కూలు తెరిచాక చెయ్యాలంటే మీ వల్ల కాదు, మీ ఇద్దరికీ ఆఫీసులు కూడా. కనీసం వారం ముందు అక్కడ ఉండాలి. తేదీ మార్చడానికి ఎంత కట్టాలో ఇవాళే కనుక్కో, ఇప్పుడైతే తక్కువలో పోతుంది.

మీ పెద్దమ్మ