టెక్ సందేహాలు: సాగర్ ఒడ్డున బోటు లిఫ్టు పెట్టుకోవచ్చా?

ప్రశ్న: దేవరకొండ దాటాక, సాగర్ బ్యాక్‌వాటర్ పక్కనే మాకు పొలం, అందులో చిన్న ఇల్లు ఉన్నాయి. ఈ మధ్యే 16 అడుగుల ఫైబర్ బోటు, 15 హార్స్‌పవర్ ఇంజన్ కొన్నాం. ఫ్లోరిడాలో ఇళ్ల ముందు నాలుగు స్తంభాలు పాతి, బటన్ నొక్కితే బోటును నీళ్లలోంచి పైకి లేపే లిఫ్టులు యూట్యూబ్‌లో చూశాను. అలాంటిది ఇక్కడ పెట్టుకోవచ్చా? ఎంత కెపాసిటీ కావాలి?

జవాబు: నాలుగు స్తంభాల లిఫ్టు మీకు వద్దు. అది మంచి యంత్రమే కానీ, నీళ్లు దాదాపు ఒకే మట్టంలో ఉండే చోటికి చేసింది. మన సాగర్ సంగతి వేరు. పూర్తి నీటిమట్టం 590 అడుగులు, కనీస మట్టం 510. అంటే 80 అడుగుల తేడా. ఒక వేసవిలో కృష్ణపట్టెలో తిరుగుతుంటే ఒడ్డున ఒక తుమ్మచెట్టుకు పడవ తాడు కట్టి కనిపించింది. వానాకాలంలో అక్కడిదాకా నీళ్లుంటాయట. ఆ రోజు మాత్రం ఎండి పగుళ్లిచ్చిన బురద మీద రెండు వందల అడుగులు వేస్తే గానీ నీళ్లు అందలేదు. మీరు లక్షలు పోసి పాతిన స్తంభాలు కూడా మార్చి వచ్చేసరికి అలాగే ఎండలో నిలబడతాయి.

గాలి నింపిన ట్యాంకుల మీద తేలే లిఫ్టులు నీళ్లతోపాటే దిగుతాయి, నిజమే. కానీ నీళ్లు వెనక్కి పోయినప్పుడల్లా తాళ్లు సడలించి లోపలికి జరుపుతూ ఉండాలి. వారం రోజులు ఊరికెళ్తే లిఫ్టు, బోటు రెండూ బురదలో ఒక పక్కకు ఒరిగిపోతాయి.

మీకు సరిపోయేది చక్రాల ట్రాలీ, దాన్ని ఒడ్డు మీదికి లాగే వించ్, అంటే డ్రమ్ముకు తాడు చుట్టుకుంటూ బరువును లాగే యంత్రం. నీళ్లు ఎక్కడుంటే ట్రాలీ అక్కడికి వెళ్తుంది. వెడల్పు టైర్లు వేయించండి, సన్న చక్రాలు నల్లరేగడిలో దిగబడతాయి. ఫ్రేము తుప్పు పట్టకుండా గాల్వనైజ్ (జింకు పూత) చేయించండి. బోటు అడుగు ఆనే చోట రబ్బరు పట్టీ తప్పనిసరి.

ఇక కెపాసిటీ. బోటు ఉత్త బరువు ఒక్కటే చూసుకుని చాలామంది పొరపాటు పడతారు. బోటు 300 కిలోలు, ఇంజన్ 50, 25 లీటర్ల పెట్రోలు దాదాపు 19, బ్యాటరీ, లంగరు, లైఫ్ జాకెట్లు కలిపి ఇంకో 50 అనుకుందాం. దాదాపు 420 అయింది. ట్రాలీ 160 కలిపితే 580. ఎనిమిది అడుగులకు ఒక అడుగు లేచే వాలులో లాగడానికి అందులో ఎనిమిదో వంతు, అంటే 73 కిలోల బలం చాలు. కానీ బురద, టైర్ల రాపిడి కలిస్తే దానికి రెట్టింపు లెక్కేయాలి. నేనైతే 500 కిలోల వించ్ తీసుకుంటాను. ఎందుకంటే పెట్టె మీద రాసే బలం డ్రమ్ముకు చుట్టిన మొదటి వరస తాడుకే వర్తిస్తుంది. వరసలు పెరిగేకొద్దీ లాగే బలం తగ్గుతుంది. మీకు పొడవాటి తాడు కావాలి కాబట్టి వరసలూ ఎక్కువే పడతాయి.

కరెంటు పోయినా, లో వోల్టేజీ ఉన్నా పనికొచ్చేలా చేతి హ్యాండిల్ ఉన్నదే కొనండి. చేయి వదిలితే ట్రాలీ వెనక్కి జారకుండా ఆపే బ్రేకు ఉండాలి. మోటారు లైనుకు 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్), సరైన ఎర్తింగ్ పెట్టించండి. తడి కాళ్లతో స్విచ్ దగ్గరికి వచ్చేది మీ పిల్లలే. తాడు బిగుతుగా ఉన్నప్పుడు దాని వరసలో ఎవరినీ నిలబడనివ్వకండి. తెగితే కొరడాలా వచ్చి కొడుతుంది.

బోటు ఒడ్డెక్కగానే అడుగునున్న డ్రెయిన్ ప్లగ్ తీసేయండి. లోపలి జాగా ఐదు చదరపు మీటర్లనుకుంటే, 10 సెంటీమీటర్ల వాన పడితే చేరే నీళ్లు 500 కిలోలు. అది బోటు బరువుకంటే ఎక్కువ! మళ్లీ నీళ్లలోకి దించేముందు ప్లగ్ బిగించడం మరచిపోవద్దు. దాన్ని ఇంజన్ తాళంచెవికే కట్టి ఉంచండి.

ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందే ఇంకో పని ఉంది. 590 మట్టానికి లోపలిదంతా ప్రాజెక్టు కోసం తీసుకున్న ముంపు భూమి. మీ పొలం హద్దు దాటి కాంక్రీటు పోయాలంటే నీటిపారుదల శాఖ అనుమతి కావాలి. వించ్ దిమ్మె మీ పట్టా భూమిలోనే కట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు. బోటుకు ఇంజన్ ఉంది కాబట్టి రిజిస్ట్రేషన్ సంగతి కూడా చూసుకోండి, 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం ఉంది.

ప్రశ్న: వించ్‌ను హైదరాబాద్ నుంచే ఫోన్ యాప్‌తో నడపొచ్చా?

జవాబు: వద్దు. ట్రాలీ కింద కుక్క పడుకుందో, పిల్లాడు ఆడుకుంటున్నాడో యాప్‌కు తెలియదు. కంటికి కనిపించే దూరంలో పనిచేసే రిమోటు చాలు. పైకొచ్చాక మోటారును దానంతట అదే ఆపే లిమిట్ స్విచ్ పెట్టించండి.

ప్రశ్న: నీళ్లు పెరుగుతున్నాయని చెప్పే సెన్సర్ ఏదైనా కొనాలా?

జవాబు: అవసరం లేదు. సాగర్ మట్టం రోజూ పేపర్లో వస్తుంది. శ్రీశైలం గేట్లు ఎత్తారని వార్త వస్తే, ఆ రోజే ట్రాలీని పై దిమ్మె దాకా లాగి గొలుసు వేయండి.