ఎటూ వెళ్లలేని చోట జరిగే హత్యల నవలలు ఎందుకంత టెన్షన్ పెడతాయి?

దారులు మూసుకుపోవడమే అసలు కారణం. పోలీసులు రాలేరు, ఫోన్ కలవదు, బయటివాడెవడో వచ్చి చంపిపోయాడని సరిపెట్టుకునే వీలుండదు. అంటే హంతకుడు కలిసి భోంచేస్తున్న వాళ్లలోనే ఉన్నాడు. 1939లో వచ్చిన ఇంగ్లిష్ రచయిత్రి అగాథా క్రిస్టీ నవల ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’లో ఒక దీవిలో పదిమంది చిక్కుకుపోతారు. ఒక్కొక్కరే చనిపోతుంటే అనుమానితులు తగ్గుతారు, భయం మాత్రం పెరుగుతుంది. మిగిలిన ప్రతి మనిషి మీదా అనుమానం రెట్టింపవుతుంది మరి!

చదివేటప్పుడు ఎవరు ఎప్పుడు ఏ గదిలో ఉన్నారో గమనించండి. ఒక్కరి నోటిమాట తప్ప వేరే ఆధారం లేని విషయాన్ని వెంటనే నమ్మకండి. రచయితలు మోసం చేసేది ఎక్కువగా అక్కడే. తుఫాను వర్ణనలు సాగితే నేనైతే పేజీలు తిప్పేస్తాను, ఇంటి ప్లాన్ బొమ్మ ఇస్తే మాత్రం వదలను.