గ్రూప్-2కి రోజూ ఆరు గంటలు దొరకడం లేదా? ముందు ఏడు గంటలు పడుకోండి

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. ఉప్పల్‌లో ఉంటాం, రాయదుర్గంలో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో పని చేస్తున్నాను. శని, ఆదివారాలు సెలవు. పెళ్లయి రెండేళ్లయింది, ఇంట్లో మేమిద్దరం, అత్తయ్య. తెలంగాణ గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను. పొద్దున నాలుగింటికి లేచి ఆరింటి దాకా, రాత్రి పదింటి నుంచి పన్నెండింటి దాకా చదువుతున్నాను. ఆదివారం పది గంటలు. నెల రోజులుగా పుస్తకం మీదే నిద్రపోతున్నాను. చదివింది గుర్తుండట్లేదు, సాయంత్రానికి తలనొప్పి, ఆఫీసులో ఎంట్రీలు తప్పు పడుతున్నాయి. టెలిగ్రామ్ గ్రూపులో అందరూ 12 గంటలు చదువుతున్నామని పెడుతుంటే టెన్షన్‌గా ఉంది. రోజుకు ఆరు గంటలు చదివేలా టైంటేబుల్ ఇస్తారా? లేక ఉద్యోగం మానేయమంటారా?

జవాబు: ఆరు గంటల టైంటేబుల్ ఇవ్వనమ్మా. కాగితం మీద గీసివ్వడం పెద్ద పని కాదు, కానీ ఆఫీసుకు వెళ్లే మనిషికి ఆ ఆరు గంటలు నిద్రలోంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రావు. మీరిప్పుడు పడుకుంటున్నది నాలుగు గంటలే. చదివింది గుర్తుండకపోవడానికి మీ తెలివితేటలు కారణం కాదు, ఈ నాలుగు గంటలే కారణం. పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర ఉండాలని నిద్ర వైద్యులు చెప్తారు. పగలు చదివింది మెదడులో కుదురుకునేది రాత్రి నిద్రలోనే, ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, 1924లోనే జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగంలో, నేర్చుకున్నాక మెలకువగా ఉన్నప్పటి కంటే నిద్రపోయినప్పుడు మరుపు తక్కువని తేలింది. రాత్రి పన్నెండింటి దాకా పాలిటీ చదివి నాలుగింటికే అలారం పెట్టుకుంటే, చదివింది నిలబడాల్సిన టైంని మీ చేతులారా మీరే కోసేసుకుంటున్నట్టు.

ఇప్పుడు మీ వారంలో నిజంగా ఎన్ని గంటలున్నాయో లెక్కేద్దాం. అకౌంట్స్ మనిషి కాబట్టి ఈ లెక్క మీకు నాకంటే బాగా అర్థమవుతుంది. వారానికి 168 గంటలు. ఆఫీసు రోజుకు తొమ్మిది చొప్పున 45. ఉప్పల్ నుంచి రాయదుర్గం మెట్రో, రెండు వైపులా నడక, ఎదురుచూపులు కలిపి రోజుకు రెండున్నర అనుకుంటే 12.5. నిద్ర ఏడు చొప్పున 49. వంట, స్నానం, తిండి, బట్టలు, ఇంటి పని రోజుకు సగటున మూడున్నర వేసుకుంటే 24.5. ఇవన్నీ తీసేస్తే మిగిలేవి 37. ఈ 37 చూడగానే అన్నీ చదువుకే పెట్టేద్దాం అనిపిస్తుంది, దయచేసి ఆ పని చేయకండి. చుట్టాలొస్తారు, జ్వరం వస్తుంది, పెళ్లిళ్లుంటాయి, గ్యాస్ అయిపోతుంది. ఆరేడు గంటలు వాటికి పోతాయి. ఇంకో ఎనిమిది గంటలు ఏ పనీ లేకుండా మీకోసం ఉండాలి. నికరంగా చదువుకు వచ్చేవి 22. పనిరోజుల్లో రెండున్నర చొప్పున 12.5, శనివారం ఆరు, ఆదివారం పొద్దున మూడున్నర. ఆదివారం మధ్యాహ్నం భోజనం తర్వాత పుస్తకం ముట్టకూడదు.

22 అంటే తక్కువ కాదు. ఆరు నెలలు, అంటే 26 వారాలు నిలబెట్టుకుంటే 572 గంటలు. తూగుతూ చేసే ఆరు గంటల కంటే మెలకువతో చేసే రెండున్నర గంటల్లోనే మీకు ఎక్కువ మార్కులు వస్తాయి.

ఇక అసలు సంగతి. గ్రూప్-2 ఎప్పుడు జరుగుతుందో మన చేతిలో ఉండదు. మొన్నటి నోటిఫికేషన్ గుర్తు చేసుకోండి. 783 పోస్టులతో 2022 డిసెంబరులో వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు 29, 30 తేదీల్లో అన్నారు. తర్వాత నవంబరుకు వాయిదా వేశారు, తర్వాత 2024 జనవరి అన్నారు, మళ్లీ ఆగస్టు అన్నారు, చివరికి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. నోటిఫికేషన్ నుంచి పరీక్షకే దాదాపు రెండేళ్లు! నోటిఫికేషన్ చూడగానే ఉద్యోగం మానేసి, హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకున్నవాళ్లకు ఆ రెండేళ్లు ఎలా గడిచి ఉంటాయో ఊహించండి, నెలనెలా హాస్టల్ ఫీజు, స్టడీ హాల్ ఫీజు, ఊరెళ్తే "ఇంకా చదువుతూనే ఉన్నావా" అనే మాటలు, వాయిదా పడ్డ ప్రతిసారీ మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలు. నాలుగు గంటల నిద్రతో మూడు నెలలు నెట్టుకు రావచ్చేమో, రెండేళ్లు మాత్రం ఎవరి వల్లా కాదు. పరీక్ష మూడుసార్లు వాయిదా పడినా చెదరకుండా నడిచే టైంటేబుల్ ఏదో అదే మీకు కావాలి. అందుకే ఉద్యోగం ఇప్పుడు మానేయొద్దంటున్నాను. ఈఎల్‌లు, అంటే జీతంతో వచ్చే సెలవులు మాత్రం అనవసరంగా వాడకండి, కూడబెట్టండి. తేదీ ఖాయమై హాల్ టికెట్లు వచ్చాక రెండు మూడు వారాలు వరసగా పెట్టుకోండి, చాలకపోతే అప్పుడు జీతం లేని సెలవైనా అడగండి. ఇంట్లో కనీసం ఏడాది ఖర్చులకు డబ్బు చేతిలో ఉండి, మాక్ టెస్టుల్లో గత కటాఫ్‌కి దగ్గరగా వస్తూ ఉంటే, మానేయడం గురించి అప్పుడు మాట్లాడదాం. అంతకుముందు వద్దు.

పనిరోజు ఎలా ఉండాలో చెప్తాను. రాత్రి పదింపావుకు లైట్ ఆర్పేయాలి, ఐదుంపావుకు లేవాలి. ఐదున్నర నుంచి ఏడు దాకా రోజు మొత్తంలో మీ బుర్ర అన్నిటికంటే తేటగా ఉండే టైం, కొత్త టాపిక్, కష్టమైన టాపిక్ అప్పుడే. పేపర్-3 ఎకానమీ రాత్రి పెట్టుకుంటుంటే పొద్దుటికి మార్చండి. రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పొద్దున చదివిన దాని మీద బిట్లు, ఇరవై నిమిషాలు కరెంట్ అఫైర్స్, అంతే. సాయంత్రం ఆరు తర్వాత టీ మానేయండి, కెఫీన్ ఒంట్లోంచి సగం పోవడానికే ఐదు గంటలు పడుతుంది, ఏడింటికి తాగిన టీ పన్నెండింటికి కూడా మిమ్మల్ని పడుకోనివ్వదు.

మెట్రోలో పుస్తకం తెరవద్దు. నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని చదివే చదువు కళ్లకు శ్రమ తప్ప ఎక్కదు. పొద్దున వెళ్లేటప్పుడు మాత్రం ఒక పని చేయండి: ముందు రోజు చదివింది పుస్తకం చూడకుండా మనసులో వరసగా చెప్పుకోండి. ఉదాహరణకు పేపర్-4 తెలంగాణ ఉద్యమం. ఉప్పల్‌లో ఎక్కగానే మొదలు పెట్టండి, 1956 పెద్దమనుషుల ఒప్పందం, అందులో ఏమేం హామీలిచ్చారు, 1969 ఉద్యమం ఎందుకు మొదలైంది, 1973 ఆరు సూత్రాల పథకం, దాని నుంచి 32వ రాజ్యాంగ సవరణ, 371-డి, ఆ తర్వాత 1985లో 610 జీవో. ఎక్కడ ఆగిపోయారో ఆ ఒక్కటీ ఫోన్‌లో రాసుకోండి, "ఆరు సూత్రాల్లో నాలుగోది గుర్తు రాలేదు" అని. రాత్రి బిట్ల కంటే ముందు అది చూడండి. ఇలా గుర్తు చేసుకోవడం మళ్లీ మళ్లీ చదవడం కంటే మేలని రోడిగర్, కార్పిక్ 2006లో చేసిన ప్రయోగాల్లో కనిపించింది. చదివిన ఐదు నిమిషాలకు అడిగితే మళ్లీ చదివినవాళ్లే బాగా చెప్పారు, వారం తర్వాత అడిగితే తమను తాము పరీక్షించుకున్నవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మీ పరీక్ష ఐదు నిమిషాల తర్వాత ఉండదు కదా. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఏమీ వద్దు. సీటు దొరికితే కళ్లు మూసుకోండి, పాటలు వినండి, అమ్మకి ఫోన్ చేసుకోండి. ఆ గంట వృథా పోయిందని బాధపడకండి, ఎనిమిదిన్నరకు కూర్చోగలిగేది ఆ గంట వల్లే.

మీ ఉత్తరంలో నెలలో రోజులన్నీ ఒకేలా లెక్కేశారు. అకౌంట్స్‌లో అలా ఎక్కడుంటుంది? నెలాఖరు క్లోజింగ్, జీఎస్‌టీ రిటర్నులు, 11వ తేదీకి జీఎస్‌టీఆర్-1, 20కి జీఎస్‌టీఆర్-3బీ. ఆ ముందు రెండు రోజులు మీరు ఎనిమిదింటికి గానీ ఆఫీసు నుంచి కదలరు, ఇంటికొచ్చి "ఈరోజూ చదవలేదు" అని ఏడుస్తారు, మర్నాడు కసిగా మూడింటికి లేస్తారు, అక్కడి నుంచి వారమంతా పాడు. క్యాలెండర్ తీసి ఆ తేదీలకు ఇప్పుడే రంగు వేసేయండి. ఆ రోజుల్లో పొద్దున ముప్పావు గంట పాత నోట్స్, అంతే చదువు, రాత్రి నేరుగా నిద్ర. ముందే అనుకున్నది కాబట్టి వెనకబడ్డామనే బెంగ ఉండదు.

ఇంటి పని గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు, నాకు మాత్రం మీ నాలుగు గంటల నిద్రలో సగం కారణం అక్కడే కనిపిస్తోంది. ఆరింటికి పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్తున్నారు, రాత్రి ఏడుంముప్పావుకి వచ్చి మళ్లీ వంటింట్లోకే, పదింటికి గానీ బయటికి రావట్లేదు. పొద్దున వంట, టిఫిన్ బాక్సులు మీరు చూసుకుంటే, పనిరోజుల్లో రాత్రి వంట, గిన్నెలు మీ ఆయనవి. "కాస్త సాయం చేయండి" అని అడిగితే రెండు రోజులు చేసి మర్చిపోతారు, సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రి వంట పూర్తిగా మీదే అని కూర్చోబెట్టి చెప్పండి. ఆయనకు వంట రాకపోతే అన్నం, పప్పు, ఆమ్లెట్‌తో మొదలు పెట్టమనండి, వారం రోజుల్లో వచ్చేస్తుంది. అత్తయ్యగారికి విడిగా చెప్పండి, పరీక్ష ఏంటో, ఉద్యోగం వస్తే ఏ హోదానో, రోజూ ఏ టైంలో తలుపేసుకుని కూర్చుంటారో. చాలా ఇళ్లల్లో పెద్దవాళ్లు అడ్డం పడేది ఇష్టం లేక కాదు, ఎవరూ చెప్పక. మీ ఆయన ఇది చదువుతుంటే ఆయనకి ఒక మాట: బాబూ, ఆమెకి ఉద్యోగం వస్తే ఆ జీతం ఇద్దరిదీ అవుతుంది, ఈ రెండేళ్ల శ్రమ కూడా ఇద్దరిదీ కావాలి.

టెలిగ్రామ్ గ్రూపులోంచి బయటికి రండి. 12 గంటలు అని పెట్టేవాళ్లు ఎంత చదువుతున్నారో మనకు తెలీదు, తెలిసినా మనకు పనికిరాదు, వాళ్లలో చాలామందికి ఆఫీసు ఉండదు. పీడీఎఫ్‌లు కావాలంటే నెలకోసారి వెళ్లి తెచ్చుకోవచ్చు. పడుకునే ముందు గంటసేపు రీల్స్ చూసి అదే రెస్ట్ అనుకోవడం కూడా ఆపాలి. ఆదివారం మధ్యాహ్నం నుంచి మీది అన్నాను కదా, ఒక గంట నిద్రపోండి, సాయంత్రం పార్కులో నడవండి, సినిమాకెళ్లండి, తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటూ డాబా మీద కూర్చోండి, ఏదైనా సరే, చేతిలో నోట్స్ లేకుండా. దగ్గరి వాళ్ల పెళ్లికి పిలిస్తే వెళ్లండి. పుస్తకం బ్యాగులో పెట్టుకుని వెళ్తే పెళ్లీ ఉండదు, చదువూ ఉండదు.

పరీక్ష స్వభావం కూడా ఒకసారి చూడండి. నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, మొత్తం 600 మార్కులు. అంటే ప్రశ్నకు నిమిషం. రోజుకు రెండు పేపర్లు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రెండు రోజులు వరసగా. రెండో రోజు మధ్యాహ్నం పేపర్ దగ్గర నిద్ర చాలని మనిషి దొరికిపోతుంది, తెలిసిన ప్రశ్నకే "కానిది ఏది" అన్నది చూడకుండా "అయినది" పెట్టేస్తుంది. ఆఫీసులో మీ ఎంట్రీలు తప్పు పడుతున్నాయన్నారే, ఇదీ అలాంటిదే. తేదీ ఖాయమయ్యాక, పరీక్షకు రెండు నెలల ముందు నుంచి పదిహేను రోజులకోసారి శనివారం పొద్దున, మధ్యాహ్నం రెండు మాక్‌లు రాయండి, అసలు పరీక్ష టైమింగ్స్‌లోనే. మధ్యాహ్నం స్కోరు బాగా పడిపోతుంటే ఆ వారం నిద్ర లెక్క ముందు చూడండి, సిలబస్ తర్వాత.

ఇంకో ముఖ్యమైన విషయం, ఆ తలనొప్పి, పుస్తకం మీదే నిద్రపోవడం గురించి రాశారు. నిద్ర తక్కువై కావచ్చు, రక్తం తక్కువగా ఉండీ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, కళ్లజోడు నంబరు మారి కూడా కావచ్చు. ఈ వారంలోనే డాక్టర్‌కి చూపించుకోండి, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించాలేమో అడగండి.

రేపటి నుంచే అంతా మార్చకండి, మొదటి పది రోజులు ఒక్క పడుకునే టైమే మార్చండి, చదువు ఎంత తగ్గినా ఫర్వాలేదు. ఆ తర్వాత పొద్దుటి గంటన్నర, తర్వాత మెట్రో, తర్వాత రాత్రి గంట. నాలుగు వారాలయ్యాక పేపర్-1, పేపర్-2 మాక్ స్కోర్లు, రోజూ ఎన్ని గంటలు పడుకున్నారన్న లెక్క, రెండూ కలిపి నాకు పంపండి. అవి చూశాక పేపర్-3కి, పేపర్-4కి వారంలో ఎన్ని గంటలివ్వాలో చెప్తాను.