కండిషనర్‌లో సిలికోన్ ఉంటే జుట్టు ఊడుతుందా?

తిరుపతిలో బోరు నీళ్లకు జుట్టు పీచులా అయిపోతోంది, కండిషనర్ వాడదామంటే అందులో డైమెథికోన్ అనే సిలికోన్ ఉంది, అది జుట్టుకు ఊపిరాడనివ్వదంట, ఊడుతుందా అని అడిగారు.

ఊడదండీ. నెత్తి దాటి బయటికొచ్చిన వెంట్రుకకు ప్రాణమే లేదు, ఇంక ఊపిరెక్కడిది? వెంట్రుక మీద పెంకుటింటి కప్పులా ఒకదానిమీదొకటి పరుచుకున్న పొలుసులు ఉంటాయి, ఉప్పునీళ్లకు, ఎండకు, రంగులకు అవి లేచి ఒకదానికొకటి గీరుకుంటాయి, దువ్వెన పెడితే చిక్కు పడేది అందుకే. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు గొలుసుగా అల్లుకున్న డైమెథికోన్ పల్చటి పొరగా పరుచుకుని ఆ రాపిడి తగ్గిస్తుంది, అంతే. లోపలికి పోదు, పాడైన జుట్టును బాగుచేయదు.

అమోడైమెథికోన్ అనే ఇంకో రకం సిలికోన్ ఇంకాస్త తెలివైనది. దెబ్బతిన్న చోట వెంట్రుకకు రుణావేశం (నెగటివ్ చార్జ్) ఎక్కువ, దీనికేమో ధనావేశం (పాజిటివ్ చార్జ్), కాబట్టి ఎక్కడ అవసరమో అక్కడే ఎక్కువగా అతుక్కుంటుంది. కొండ మీద గుండు చేయించుకున్నాక వచ్చే కొత్త జుట్టుకు ఇవేవీ పెద్దగా అక్కర్లేదు, పొలుసులు ఇంకా పాడవలేదు కదా.

చర్మం మీద కూడా డైమెథికోన్ పని పొరగా పరుచుకోవడమే, తేమ ఆరిపోకుండా కొంత ఆపుతుంది. మొటిమలు వస్తాయన్న టెన్షన్ వద్దు, డైమెథికోన్ రంధ్రాలు మూసేసే రకం కాదు.

జుట్టు జిడ్డుగా, బరువుగా అనిపిస్తే మామూలు షాంపూతో ఓసారి గట్టిగా రుద్దుకోండి, చాలావరకు పోతుంది. కండిషనర్ మాత్రం చివర్లకే, మాడుకు పట్టించొద్దు.