ముందు ఊళ్ళ లెక్క రాసుకో: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

పదిహేనో శతాబ్దంలో వలాకియాను (ఇప్పటి రొమేనియాలో దక్షిణ భాగం) ఏలిన వ్లాద్ త్సెపెష్ మీద నువ్వు రాసిన కథ చదివాను. వాక్యం నడుస్తోంది, సంతోషం. నాలుగో పేజీ మాత్రం ఒళ్ళు మండించింది. పన్నెండుమంది బొయారులు, అంటే ఊళ్ళున్న దొరలు, అర్ధరాత్రి బ్రాన్ కోటలో చేరి, మొక్కజొన్న సంకటి తింటూ, "ఈ క్రూరుణ్ణి దించేద్దాం" అనుకుంటారు. అమెరికా ఖండపు మొక్కజొన్న 1459లో వలాకియాకి ఎలా వచ్చింది? వాళ్ళు తిన్నది వరిగల సంకటి. బ్రాన్ కోట కనుమకు అవతల, హంగరీ రాజు ఏలుబడిలో ఉంది. ఇవి దిద్దుకోగలవు. "క్రూరుడు కాబట్టి తిరగబడ్డారు" అన్నావే, దాన్ని దిద్దాలంటే కథ మొత్తం విప్పాలి.

వలాకియాలో పెద్దకొడుకుకే గద్దె అన్న నియమం లేదు. రాజరక్తం ఉంటే చాలు, పెళ్ళాం కొడుకైనా ఉంపుడుగత్తె కొడుకైనా గద్దెకు అర్హుడే. ఎవరన్నది తేల్చేది బొయారులు. రాజవంశంలో దనెష్తి, ద్రకులెష్తి అని రెండు శాఖలు, వ్లాద్ ద్రకులెష్తి వాడు. 1418లో వ్లాద్ తాత, ప్రభువు ముసలి మిర్చా పోయాక 1456 వరకు గద్దె పదిసార్లకు పైగా చేతులు మారింది. వ్లాద్ తన బొయారులను "ఎందరు ప్రభువులను చూశారు?" అని అడిగితే, అందరికన్నా చిన్నవాడు కూడా ఏడుగురన్నాడని జర్మన్ కరపత్రాల్లో ఒక కథ ఉంది. జరిగిందో లేదో గానీ, లెక్క నమ్మదగ్గదే. ప్రభువు పోతాడు, ఊళ్ళు ఉంటాయి. బొయారు బుర్ర నడిచేది ఇలా.

అందుకే నా పట్టు ఒక్కటే. బొయారు నోట మాట పెట్టేముందు పట్టిక గియ్యి: పేరు, కొలువులో పదవి (వోర్నిక్ అంటే కొలువు పెద్ద, లొగొఫెత్ అంటే దస్త్రాల అధిపతి, విస్తియర్ అంటే కోశాధికారి), ఊళ్ళు, వియ్యాలు, కనుమ అవతల ఏ గద్దె హక్కుదారుతో మంతనాలు. అప్పటి దానపత్రాలు స్లావోనిక్ భాషలో ఉంటాయి, వాటిలో సాక్షుల పేర్లు హోదా వరుసలో ఉంటాయి. ఏటికేడు పక్కపక్కన పెట్టి చూడు. మాయమైన పేరు దగ్గరే నీ కథ ఉంది.

అల్బు చెల్ మరె అనే బొయారు గొవొర మఠం ఊళ్ళు లాక్కుని, వ్లాద్ మీదికి దండెత్తి, పట్టుబడి సకుటుంబంగా చచ్చాడు. ఈ సంగతి మనకు తెలిసింది 1551 నాటి ఒక భూమి పత్రం వల్ల. దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత కూడా తగాదా ఆ ఊళ్ళదే! నీ కథలో ఒక్క ఊరి పేరు లేదు.

ఈస్టర్ పూట పెద్దలను కొర్రు వేయించి, పడుచువాళ్ళను పండగ బట్టలతోనే పొయెనారి కోట కట్టడానికి తోలిన ఘట్టం నీకు బాగా నచ్చినట్టుంది. అది పదిహేడో శతాబ్దపు వృత్తాంతంలోది. అందులో శిక్ష పడింది రాజధాని తిర్గోవిష్తె పురజనులకు, వ్లాద్ సోదరుడొకరికి వాళ్ళు చేసిన ద్రోహానికి. నువ్వు అందర్నీ బొయారులను చేసి ఊరుకున్నావు.

ప్రాణభయం పట్టిన బొయారు కత్తి దూయడు, కనుమ దాటి హంగరీ రాజు ఏలుబడిలోని బ్రషోవ్‌కో సిబియుకో పోతాడు. అక్కడి సాక్సన్ (జర్మన్ జాతి) వర్తకుల అండతో ఒక రాజబంధువును వెంటేసుకు వస్తాడు. 1460లో దనెష్తి శాఖవాడు దాన్ అలాగే వచ్చాడు, ఓడి తల పోగొట్టుకున్నాడు. వచ్చినవాడు గెలిస్తే పాత ఊళ్ళు తిరిగొస్తాయి, ఓడితే రాజద్రోహం కింద అన్నీ ప్రభువుకు జప్తు. బొయారు ఆడే జూదం ఇదే. నీ కథలో పందెమే లేదు.

ఇంక ముగింపు యుద్ధం. మొదటి పేజీలో నెత్తురు, చివరి పేజీలో యుద్ధం లేనిదే అచ్చు వేయని సంపాదకులు తయారై ఒక తరాన్ని చెడగొట్టారు, నువ్వూ వాళ్ళ మాటే విన్నావు. 1462 జూన్ 17 రాత్రి వ్లాద్ చేసిన దాడి తర్వాత, అతని మీదికి వచ్చిన తురుష్క సుల్తాన్ మెహ్మెద్ సైన్యం వెనుదిరిగింది. వ్లాద్ తమ్ముడు రదు మాత్రం అక్కడే ఉండి, తురుష్కులతో సంధి ఆశ చూపుతూ బొయారులను ఒక్కొక్కరినే లాక్కున్నాడు. ఆ ఏడాది చివరికి వ్లాద్ చుట్టూ మనుషులు పలచబడ్డారు. సాయం కోసం కొండలు దాటితే హంగరీ రాజు మాత్యాషే బంధించాడు. కొలువు ఖాళీ అవడం రాయి, చాలు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ఆ ఊసు ఇప్పుడెందుకు? కథ తిరగరాసి పంపేటప్పుడు ఆ పట్టిక కూడా జతచెయ్యి. ముందు అదే చదువుతాను.